డాబా మీద ఎర్ర తువ్వాలు

ఏమండీ,

ఈ రోజు నేను భవానీ ద్వీపానికి వెళ్లాను. "మన ఊరే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చులే" అంటూ మీరు ముప్పై ఏళ్లు వాయిదా వేసిన ఆ ద్వీపానికే.

చుట్టాలొస్తే మాత్రం అందరినీ బోటెక్కించి వచ్చేవారు. నేను వంటింట్లో వాళ్ల భోజనాల హడావిడిలో ఉంటే, మీరు మన డాబా ఎక్కి, నది వైపు తిరిగి, ఎర్ర తువ్వాలు ఊపేవారు. వాళ్లు తిరిగొచ్చి చెప్పులు విప్పకముందే "కనపడ్డానా?" అని అడిగేవారు.

"ఎందుకు కనపడవు బాబాయ్, భేషుగ్గా కనపడ్డావు!"

ఆ పూట మీరు మారు అన్నం పెట్టించుకుని తినేవారు.

నిన్న మీ సంవత్సరీకం అయింది. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఇంట్లో ఉండబట్టలేక, పొద్దున్నే వెళ్లి ఒక్కదాన్నే బోటెక్కాను. ఒడ్డు వదలగానే మన డాబా కోసం చూశాను. ఎంత వెతికినా కనపడలేదండీ. అడ్డంగా పాత గోడౌను ఉంది. అది మనం ఇల్లు కట్టకముందు నుంచీ అక్కడే ఉంది కదా!

అంటే ఇన్నేళ్లూ ఎవరికీ కనపడలేదన్న మాట. అందరూ మొహమాటానికి చెప్పినవాళ్లే, మీ అక్కయ్యగారితో సహా. నాకు ఒళ్లు మండిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో మిమ్మల్ని అలా నిలబెడతారా?

అయినా నా చెయ్యి ఊరుకోలేదు. ఆ గోడౌను వైపే ఊపుతూ కూర్చున్నాను.

బోటులో నా పక్కన కూర్చున్న మైలవరం ఆవిడెవరో అడిగింది. "ఎవరికండీ ఊపుతున్నారు? మీవాళ్లు కనపడుతున్నారా?"

"ఎందుకు కనపడరండీ," అన్నాను. "భేషుగ్గా కనపడుతున్నారు."