పాప మంచం మీది బండ

మార్కాపురం, ఆదివారం

సాయంత్రం 6.10కి పాప మంచం మీద పిడికెడు సున్నం రాలింది. పాత స్టీరియోకి కొత్త సబ్‌వూఫర్ డబ్బా తగిలించి అప్పటికి ఐదు నిమిషాలు. గోడ అదిరితే నా భార్య అలవాటుగా, "క్వారీలో పేల్చినారులే" అంది. నేనూ సరే అనుకున్నాను. ఆదివారం క్వారీకి సెలవని సున్నం చూశాకే గుర్తొచ్చింది.

కబురంపితే మేస్త్రీ మస్తాన్ వచ్చి, నిచ్చెనెక్కి పైకప్పు బండను తట్టి చూశాడు.

"మీ డబ్బాది తప్పేం లేదన్నా. బండ ఎప్పుడో బీటిచ్చింది. ఇన్నాళ్లు దీని కింద ఎట్ల పండుకున్నారన్నా?"

ఎన్నాళ్లు? క్వారీలో పేల్చిన ప్రతిసారీ గోడ అదిరింది. పాప ఆ బండ కిందే చదువుకుంది.

బయట వాన. ముగ్గురం వరండాలోకి మారాం. దాని కప్పూ బండలే. మస్తాన్ అవి చూసేలోపే చీకటి పడింది.

రేపు ఏడింటికి మస్తాన్ వచ్చి ముందుగా వాటిని తట్టి చూస్తాడు.