అరగంట ఆగి ఉంటే

బావా,

ఈరోజు మన ల్యాబులో సైనికుల మాస్కుల పరీక్ష ఆపించాను. నీ స్థానంలో చేరిన మేరీ వచ్చి, "సార్, ఫ్యాను గాలి సరిగ్గా లాగట్లేదండి. విషవాయువు వదలమంటారేటి?" అంది. వద్దన్నాను. ఫ్యాను బెల్టు బిగించడానికి అరగంట పట్టింది.

ఆ రోజు నువ్వూ అదే చెప్పావు. పరీక్ష ఆగితే ల్యాబుకి నిధులు ఆపేస్తారన్న భయంతో, "ఈ ఒక్కసారికి కానిచ్చెయ్ బావా" అన్నాను. గదిలో మిగిలిన వాయువు పీల్చి నువ్వు పోయావు. ఫ్యాను చూసుకోకపోవడం నీ తప్పేనని అందరూ అంటుంటే నేను నోరు విప్పలేదు. మా అక్క కూడా అదే నమ్మింది.

సాయంత్రం గోపాలపట్నం వెళ్లి అక్కకి నిజం చెప్పాను. తిడుతుందనుకున్నాను. "మీ బావ నీ మాట ఎప్పుడైనా కాదన్నాడేట్రా?" అంది.