చదువుకున్న పురుగు

పై అంతస్తు,
పదో తేదీ ఉదయం

బావమరిదికి,

బావ రాస్తున్నది ఏమంటే, నేను క్షేమం. నువ్వు క్షేమమని కింద నీ రేడియో మోత వల్ల తెలుస్తూనే ఉంది కాబట్టి అడగడం లేదు.

నాలుగేళ్లుగా మనిద్దరికీ మాటల్లేవు. ఉత్తరాలతో ఇల్లు గడుస్తోంది, ఇకముందూ గడుస్తుంది. ఇప్పుడు మాత్రం పనిపడింది. నా ఆత్మకథ పూర్తయింది. ముప్ఫై ఎనిమిదేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ ఎందరి నిర్వాకాలు భరించానో, అందరికీ ఇందులో పేరుపేరునా వడ్డించాను. ఇరవయ్యో తేదీలోగా మొత్తం కాగితాల మీద చేతికివ్వాలనీ, దాటితే వచ్చే ఏడాదేననీ ప్రెస్సువాళ్లు అన్నారు. వచ్చే ఏడాది మీద నాకు నమ్మకం లేదు.

మొదటి ఐదు అధ్యాయాలు మీ అక్క బతికుండగా నీ కంప్యూటర్‌లో టైపు చేసింది. నా ప్రూఫులకు కాపీ చదివిపెట్టిందీ ఆవిడే. ఆ పనికి ఇద్దరుండాలని నీకు తెలుసు: ఒకరు రాతప్రతి పైకి చదవాలి, రెండోవాడు అచ్చు మీద వేలు పెట్టుకుని దిద్దాలి. ఆవిడ పోయాక మిగతా అధ్యాయాలు నేనొక్కణ్ణే నా కంప్యూటర్‌లో కొట్టుకున్నాను. ఇప్పుడు రెండూ ఒకచోటికి చేరాలి. పెన్‌డ్రైవ్ అనకు. అది దూర్చే కంతను కిందటి వేసవిలో కోపంలో నేనే వంచాను; దానిమీద విచారణ వద్దు. ఈమెయిల్ అని కూడా అనకు, దాని పాస్‌వర్డ్ మీ అక్కకే తెలుసు.

నువ్వు పోయినేడు మెట్ల వెంట తీగ లాగి, ఇకనుంచి రెండు కంప్యూటర్లూ ఒకే ఇంటివని కబురు చేశావు. నాది మాత్రం నీదాన్ని ఎరగనంటోంది. ఎవర్ని చూసి నేర్చుకుందో. దారి చెప్పు.

ఇట్లు,
బావ

తా.క. జవాబు నీ భార్య చేతే పంపు. చెల్లెమ్మ మోకాళ్ల నొప్పులకు నన్ను అనవద్దు, ఆ మెట్లు నేను కట్టలేదు.

---

కింది అంతస్తు,
పదో తేదీ మధ్యాహ్నం

బావగారికి నమస్కారాలు.

పుస్తకం పూర్తయిందని తెలిసి చాలా సంతోషించాను.

మీ కంప్యూటర్ తప్పేమీ లేదు. అది బజారులో ఉన్నాననుకుంటే తలుపులు బిగించుకుంటుంది, ఇంట్లో ఉన్నానని తెలిస్తే తీస్తుంది. ఇది ఇల్లేనని మీరు దానికి చెప్పాలి. నెట్‌వర్క్ సెట్టింగుల్లో 'పబ్లిక్' అని ఉన్నచోట 'ప్రైవేట్' అని మార్చండి. ఇతర కంప్యూటర్లను కనబడనివ్వాలా అంటే సరేననండి. ఆ తర్వాత నెట్‌వర్క్ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే 'కిందిల్లు' అనే పేరుతో నాది కనిపిస్తుంది. అందులో 'అక్క' అన్న ఫోల్డర్‌లో ఐదు అధ్యాయాలూ ఉన్నాయి. నాలుగేళ్లుగా వాటిని ముట్టుకోలేదు. కాపీ మాత్రం రెండుచోట్ల దాచాను. రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి, ఏదైనా ఒక్కచోటే ఉందంటే నాకు నిద్రపట్టదు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. ఆ మోత రేడియోది కాదు, మా ఆవిడ మిక్సీది. మీరు రాసింది చదివి వినిపించాను. ఆవిడ అన్నది ఇక్కడ రాయలేను.

---

పై అంతస్తు,
పదకొండో తేదీ ఉదయం

బావమరిదికి,

కనిపించింది. ధన్యవాదాలనే మాట పక్కవాళ్ల ప్రూఫుల్లో దిద్దడమే తప్ప సొంతానికి వాడే అలవాటు లేదు కాబట్టి, కనిపించిందని మాత్రం రాస్తున్నాను.

కానీ తలుపు తట్టగానే నీ కంప్యూటర్ నువ్వెవరని అడిగింది. నా పేరు, నా పాస్‌వర్డ్ ఇచ్చాను. తప్పంది. మళ్లీ ఇచ్చాను. మళ్లీ తప్పంది. మూడుసార్లు. నా ఉద్యోగం మొత్తంలో నన్ను తప్పన్నవాళ్లు ముగ్గురే ముగ్గురు. పుస్తకంలో ముగ్గురికీ తలా మూడు పేజీలు కేటాయించాను. నీ కంప్యూటర్‌కి చోటుండదనుకోకు. నా గురించి దానికి నువ్వే నూరిపోశావని నా అనుమానం.

అక్కడే షేరింగ్ అని ఒకటి కనబడితే అదీ పూర్తి చేశాను. ఏ ఫోల్డర్ అంటే నా పుస్తకం ఉన్నది చూపించాను. ఎవరికి అంటే అందరికీ అన్నాను. చదవడానికా, రాయడానికా అంటే రెండింటికీ అన్నాను. దిద్దే వీలు లేకుండా ఏ ప్రతినీ నా బల్ల దాటనివ్వలేదు, ఈ వయసులో ఆ అలవాటు మానను. ఇంత మర్యాద చేసినా నీ తలుపు తెరుచుకోలేదు.

ఇట్లు,
సొంత ఇంట్లో పరాయివాడైన బావ

తా.క. తొమ్మిదో అధ్యాయం నీ గురించే. ముందుగా చెప్పడం మర్యాద కనుక చెబుతున్నాను. చూపించడం మాత్రం అచ్చయ్యాకే.

---

కింది అంతస్తు,
పదకొండో తేదీ సాయంత్రం

బావగారికి నమస్కారాలు.

మీ మీద దానికి కోపమేమీ లేదు. మీ పేరు మీ కంప్యూటర్‌కే తెలుసు, నాదానికి తెలియదు. నా గుమ్మం దాటాలంటే ఇక్కడ తెలిసిన పేరు చెప్పాలి. అంటే మీరు నా పేరు, నా పాస్‌వర్డ్ కొట్టాలి. కాసేపు మీరు నేననుకోవాలి. కష్టమేనని తెలుసు. పాస్‌వర్డ్ వేరే కవర్లో అంటించి పంపుతున్నాను.

ఇంకో మాట. మీరు నా తలుపు తీయబోయి మీ తలుపు బార్లా తీసినట్టున్నారు. ఏ ఫోల్డర్ ఎవరికి కనబడుతోందో దయచేసి ఒకసారి చూసుకోండి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. కవర్లో ఏముందని మా ఆవిడ అడిగింది. చెప్పలేదు. అందుకు ఈ పూట కాఫీ నేనే పెట్టుకున్నాను.

---

పై అంతస్తు,
పదహారో తేదీ

బావమరిదికి,

కవరు విప్పాను. 'అచ్చుతప్పు' అని ఉంది. మీ అక్క నన్ను ఆ పేరుతో పిలిచేది గదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు. అది కిందికి వినబడేదని నాకు తెలియదు. అది కొట్టడానికి రెండు రోజులు పట్టింది, వేళ్ల నొప్పి.

తలుపు తెరుచుకుంది. ఐదు అధ్యాయాలూ అక్షరం చెడకుండా చేరాయి. ధన్యవాదాలు. రాశాను, చూసుకో.

తాళాల సంగతి మాత్రం నాకు నేర్పకు. అసలు ఘోరం వేరే ఉంది. నీ తీగ వెంట ఏదో పురుగు పైకెక్కింది. ఐదు రోజులుగా నా రాత మారుతోంది. అరవై ఒకటో పేజీలో మేనేజర్ రిటైరైన సంవత్సరం తప్పు వేశాను, మర్నాటికి అది సరిగ్గా ఉంది. నూట నాలుగులో రెండుసార్లు పడిన వాక్యం ఒక్కసారే ఉంది. ఫోర్‌మన్‌ను పదకొండుసార్లు గాడిద అన్నాను. లెక్కపెడితే పది మిగిలాయి. పోయిన ఆ ఒక్కటి నిజంగానే ఎక్కువైంది, ఒప్పుకోక తప్పదు. పుస్తకాలు తినే పురుగుల్ని జీవితమంతా చూశాను. ఇది చదువుకున్న పురుగు.

రేపు పొద్దున్నే ఆ తీగ పీకేస్తున్నాను.

ఇట్లు,
బావ

తా.క. "అన్నయ్యగారూ, ఇద్దరికీ నోళ్లున్నాయి, నాకేమో మోకాళ్లు లేవు. ఇలా ఎన్నాళ్లు మొయ్యమంటారు?" అంది చెల్లెమ్మ. సబబైన ప్రశ్నే. జవాబు రాసి పంపుతానన్నాను.

---

పై అంతస్తు,
పద్దెనిమిదో తేదీ ఉదయం

బావమరిదికి,

పొద్దున్న కంప్యూటర్ ఆన్ చేస్తే లోపల టిక్కుటిక్కుమంది. తెర నల్లగానే ఉండిపోయింది. రిపేరు దుకాణం అతను వచ్చి చూసి, డిస్క్ పోయింది, లోపల ఉన్నవాటి మీద ఆశ వదులుకోమన్నాడు. మరీ నెమ్మదిగా చెప్పాడు, పాపం.

మూడేళ్ల పని. మళ్లీ రాసే ఓపిక లేదు. అక్క ఐదు అధ్యాయాలూ నీ దగ్గర ఉన్నాయి కదా, వాటిని మాత్రం జాగ్రత్త.

బావ

తా.క. ఏమీ లేదు.

---

కింది అంతస్తు,
పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం

బావగారికి నమస్కారాలు.

ముందు కూర్చోండి. పుస్తకం ఉంది. పదహారో తేదీ సాయంత్రం దాకా మీరు రాసిన ప్రతి పేజీ, మూడువందల పన్నెండూ, నా దగ్గర రెండుచోట్ల ఉంది.

ఆ పురుగును నేనే. పదకొండో తేదీన మీ ఫోల్డర్ నా తెర మీద దానంతటదే వచ్చి కూర్చుంది. చూసుకోమని మీకు రాశాను. మీరు మూయలేదు. ఒక్క పేజీ చదివి వదిలేద్దామనుకున్నాను, నావల్ల కాలేదు. మీ తిట్లు తిన్నవాళ్లు అదృష్టవంతులండీ, వాళ్లను అంత శ్రద్ధగా ఇంకెవరు గుర్తుపెట్టుకుంటారు? అక్క అయితే ఎక్కడ ఆగి గొంతు సవరించుకునేదో అక్కడ మాత్రమే చెయ్యి పెట్టాను. రోజూ సాయంత్రం కాపీ తీసి దాచాను. దొంగతనంగా చదివినందుకు క్షమించాలి.

తొమ్మిదో అధ్యాయాన్ని ముట్టుకోలేదు. అక్క పోయిన నెలకి, మీ ప్రూఫులు ఆగిపోయాయని నేను పైకొచ్చి ఆవిడ కుర్చీలో కూర్చుని కాపీ చదవబోయాననీ, నా చదువు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటే అర పేజీకే మీరు లేచిపొమ్మన్నారనీ, ఆనాటి నుంచి మాటల్లేవనీ రాశారు. అంతా నిజమే. అయితే అర పేజీ కాదు, పావు పేజీ. అదొక్కటే దిద్దుకోండి.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. చివర 'కృతజ్ఞతలు' అన్న శీర్షిక కింద ఏమీ లేదు. పొరపాటున చెరిగిందేమోనని రెండు కాపీలూ వెతికాను.

---

పై అంతస్తు,
పద్దెనిమిదో తేదీ, నీ ఉత్తరం అందిన గంటకి

బావమరిదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తప్పుల్లేవు.

చాటుగా నా పుస్తకం చదివినందుకు నీ మీద ఇంకో అధ్యాయం రాయాలి. కూర్చున్నాను కానీ కలం కదల్లేదు. తలుపు తీసిపెట్టింది నేను, చూసుకోమంటే వినంది నేను, తీగ పీకింది నేను. ఆ కృతజ్ఞతల పేజీ పదిహేడో తేదీన, తీగ పీకిన తర్వాత రాశాను. పుస్తకం మొత్తంలో నీకు అందకుండా పోయింది అదొక్కటే. తిట్లన్నీ భద్రంగా చేరాయి. గుర్తున్నంతవరకు మళ్లీ రాస్తున్నాను:

"మొదటి ఐదు అధ్యాయాలను నాలుగేళ్లు కంటికి రెప్పలా కాచిన నా బావమరిదికి. ఎవరో ఏమిటో తెలియని, చదువుకున్న ఒక పురుగుకి. మా మధ్య మెట్లెక్కి దిగిన చెల్లెమ్మకి. వీళ్లకు ఈ మాట ఎప్పుడో చెప్పవలసింది."

ఇక తొమ్మిదో అధ్యాయం. అక్కడ దిద్దవలసింది పావు పేజీ ఒక్కటే కాదు. ఆ రోజు నువ్వు బాగానే చదివావు. కామా దగ్గర ముక్కుతో చిన్నగా గాలి పీల్చి ఆగావు. మీ అక్క అలాగే ఆగేది. నేను అచ్చు మీదికి తల వంచుకుని ఉన్నాను కదా, రెండో కామాకి ఆవిడే చదువుతోందనుకున్నాను. మూడో దానికి తలెత్తి చూశాను. నువ్వున్నావు. అందుకే లేచిపొమ్మన్నాను. గులకరాళ్లన్నది తర్వాత కల్పించాను. తప్పని తెలిసీ నేను దిద్దకుండా వదిలింది నా మొత్తం పనిలో అదొక్కటే.

ఎల్లుండికి పుస్తకం అందాలి. నువ్వు చదవాలి, నేను దిద్దాలి. తొమ్మిదో అధ్యాయంతో మొదలుపెడదాం. కామాల దగ్గర నీకు అలవాటైనట్టే ఆగు, నేను తల ఎత్తను. పుస్తకం నీ దగ్గరే ఉంది కాబట్టి నువ్వు పైకి రావక్కర్లేదు.

ఇట్లు,
అచ్చుతప్పు

తా.క. చెల్లెమ్మ ఇక మెట్లెక్కనంది. దీన్ని నీ తలుపు సందులోంచి తోసింది నేనే. ఈ ఉత్తరం చదవడం అయ్యాక తలుపు మెల్లగా తియ్యి. మీ అక్క కుర్చీ మోసుకొచ్చాను, గుమ్మానికి అడ్డంగా ఉంది. నేను దాంట్లో కూర్చోలేదు, మెట్టు మీద కూర్చున్నాను.