చుక్కల మందులో బెల్లం

చిరంజీవి చిట్టితల్లికి, నాన్న దీవించి రాయునది.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. మీ అమ్మ రోజూ నా మీద కేకలేస్తోంది, అంటే ఆరోగ్యం భేషుగ్గా ఉన్నట్టే. అక్కడ నువ్వు, అల్లుడుగారు, నా మనవరాలు కులాసాగా ఉన్నారని తలుస్తాను.

"సిగరెట్టు మానితేనే పాపను ఎత్తుకోనిస్తా నాన్నా, ఈసారి కబుర్లు చెప్పకు" అని రాశావు. ఆ ముక్క చదివాక అన్నం సయించలేదు. తర్వాత కోపమొచ్చింది. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాను.

అక్కడ ఒక డాక్టరమ్మ, మొక్కల ఆకుల నుంచి తీసిన సారంతో సిగరెట్టు యావ తగ్గుతుందేమోనని పరీక్షిస్తోంది. నన్నూ చేర్చుకుంది. పొగ తాగాలనిపించినప్పుడల్లా నాలుక మీద చుక్కలు వేసుకోవాలి. "పనిచేస్తుందని మాటివ్వలేను వంట మాస్టారూ, అది తేల్చడానికే ఈ పాట్లు" అని ముందే చెప్పింది. జేబులో సీసా పెట్టుకునే మా క్యాంటీనులో వంట చేశాను. మొదటివారం నరకం. గిన్నెల మీద నా కోపం చూసి ఎవరూ నా జోలికి రాలేదు.

ఇప్పుడు విను. పొగ మానేసి రెండో నెల నడుస్తోంది! నిన్న వెల్లుల్లి మాడబోతుంటే కంటికన్నా ముందు ముక్కే పసిగట్టింది. మీ అమ్మ తలనూనె వాసన కూడా తెలుస్తోంది. ఆ మాటే చెబితే, "ఈ వయసులో ఇదేం చోద్యం" అంది గానీ పక్కనుంచి లేవలేదు. నాకెంత సంతోషంగా ఉందో రాయడం చేతకావడం లేదు.

ఒక సంగతి మాత్రం ఇంతదాకా దాచాను. ఆ మందు పరమ చేదు. ఇన్నేళ్లుగా రుచులు సరిచేస్తున్న చెయ్యి ఊరుకుంటుందా? ఇంటికి తెచ్చిన ప్రతి సీసాలోనూ కాస్త బెల్లం పాకం, అల్లం రసం కలిపేశాను. మొన్న డాక్టరమ్మ, "అందరూ చేదంటుంటే మీరొక్కరే బాగుందంటారేంటి?" అని నిలదీస్తే ఒప్పేసుకున్నాను. ఆవిడ తల పట్టుకుంది.

"ఇది మందండీ, కూర కాదు! మిమ్మల్ని లెక్కలోంచి తీసేయాల్సిందే."

"తీసేయండమ్మా. మళ్లీ సిగరెట్టు ముట్టించమనరు కదా?"

ఆవిడ ఫక్కున నవ్వేసి, ఊపిరి పరీక్ష చేసింది. "పొగ జాడ లేదు మాస్టారూ. దేనివల్ల మానారో మాత్రం ఇక నేను చెప్పలేను" అంది.

టీ తాగగానే ఇప్పటికీ సిగరెట్టు వైపు ప్రాణం లాగుతుంది తల్లీ, అబద్ధం చెప్పను. లాగినా వెళ్లడం లేదు.

ఆదివారం రైలెక్కుతున్నాం. గుమ్మంలోనే నా చేతులు వాసన చూడు. పొగ వాసన తగిలితే అటునుంచి అటే పంపెయ్. తగలకపోతే మాత్రం కుశల ప్రశ్నలన్నీ తర్వాత, ముందు పాపను ఇటివ్వు.

ఇట్లు,
పాప తాతయ్య