కొత్త ఇత్తడి కూడా మోగాలి

నాయనా,

చెనిక్కాయ చేలో అడవి పందుల్ని తరిమే నీ తుపాకీ లైసెన్సు, నువ్వు పోయిన ఏడాదికి నా పేరుకు మారింది! తమ్ముడు మదనపల్లె నుంచి కొత్త ఇత్తడి తూటా గొట్టాలు తెచ్చాడు.

"కొత్తవి కదక్కా, యాల సూసేది? మందు దట్టించేద్దాం" అన్నాడు.

నేను వినలేదు. నీలాగే ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర పెట్టుకుని గోటితో మీటాను. అన్నీ గణగణమన్నాయి, ఒక్కటే బొంగురుగా పలికింది. ఎండలో తిప్పి చూస్తే అంచున వెంట్రుకంత పగులు! కనిపెట్టేశాను నాయనా! తమ్ముడు నోరెళ్లబెట్టాడు.

అదే ఊపులో నీ పాతవీ మీటాను. నువ్వు ఆఖరిసారి కాల్చిన గొట్టమూ బొంగురుపోయింది. దాచుకోవాలనిపించింది. కానీ పగిలినదాన్ని ఎవరూ పొరపాటున నింపకుండా నలగ్గొట్టమని నేర్పింది నువ్వే. సుత్తి తీశాను. కొత్తది ఒక్క దెబ్బకే అణిగింది.

నీదానికి మూడు పట్టాయి.