టైగర్ తుంటి కీళ్లు

శనివారం రాత్రి, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ

మా టైగర్ ఈరోజు వెనక కాళ్ల మీద లేవలేకపోయింది. తుంటి కీళ్లు సరిగా అమరలేదనీ, జర్మన్ షెపర్డ్ జాతిలో ఈ లోపం తల్లిదండ్రుల నుంచే వస్తుందనీ డాక్టరు ఎక్స్‌రే చూసి చెప్పాడు.

కొనేటప్పుడు మా అమ్మాయి రూతు, "తల్లి కుక్కను ఒకసారి నడిపించి చూడండి నాన్నా" అంది. "ఉపవాసముండి అడిగాను. దేవుడు చూపించాక నువ్వు పరీక్ష పెడతావా?" అని గద్దించాను. భన్‌పురిలో అమ్మినవాడు చూపిస్తానన్నా వద్దన్నాను.

టైగర్‌కు పుట్టిన పిల్లలను సంఘంలో నాలుగిళ్లకు ఆశీర్వాదమని పంచాను. పోయిన ఆదివారం మరియమ్మ, "అయ్యగారూ, మీరిచ్చింది భలే ఆల్సీ అండీ, ఒట్టి బద్ధకం, మెట్లెక్కమంటే కూలబడుతుంది" అని నవ్వింది. నేనూ నవ్వాను.

అది బద్ధకం కాదని రేపు ఆరాధన అయ్యాక ఆమెకు చెప్పాలి. వాక్యం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ అందరికీ చెప్పిన ఓదార్పు మాట ఒక్కటీ నా నోటికి రావడం లేదు...