గేటు గొళ్ళెం దాకా ఉన్న దూరం

సల్వా, 1990 ఆగస్టు, శుక్రవారం రాత్రి

1. సాయంత్రం అసర్ నమాజు తర్వాత, నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ పెద్ద కొడుకు ఫహద్, కుందేళ్ల వేటకు వాడే పాయింట్ టూ టూ రైఫిల్‌ను నీళ్ల ట్యాంకు వెనక నుంచి తీశాడు.
2. యాభై మీటర్లకు నేను కుదిర్చిన గురిని మార్చి, వీధి చివరి ఇరాకీ సైనికుల చెక్‌పోస్టుకు కుదర్చమన్నాడు.
3. నేను కుదరదన్నాను.

"భయమా, మదార్?" అన్నాడు.

"భయమే, ఫహద్. అంత దూరం పోయేసరికి ఈ చిన్న గుండును గాలే పక్కకు తోసేస్తుంది. ఒకడికి గాయమవుతుంది. తర్వాత మన వీధిలో ఒక్క ఇల్లూ మిగలదు."

అతను రైఫిల్‌ను నా చేతిలో పెట్టాడు. "వాళ్లే ఇంట్లోకి వస్తే? లోపల మా అమ్మ ఉంది, చెల్లెళ్లున్నారు."

గేటు దాకా అయితే కుదురుస్తానన్నాను.

పేల్చి సరిచూస్తే చెక్‌పోస్టుకు వినబడుతుంది. అందుచేత బోల్టు తీసి, రైఫిల్‌ను మెట్ల మీద ఇసుక సంచిపై కదలకుండా ఉంచి, గొట్టంలోంచి గేటు గొళ్ళెం కనబడేలా సర్దాను. ఆపైన గురి చూసే సైటును కూడా ఆ గొళ్ళెం మీదికే తిప్పాను. పని శుభ్రంగా కుదిరింది. ఫహద్ నా భుజం తట్టి లోపలికి వెళ్లాడు.

గేటు పక్కనున్న నా గదిలోకి వచ్చాకే ఈ ఆలోచన పట్టుకుంది. ఈ ఇంట్లో ఎవరు గేటు తట్టినా తీయవలసినవాడిని నేను. వాళ్లు తట్టిన రాత్రి ఆ గొళ్ళెం మీద ఉండేది నా చెయ్యే.

ఈ సంగతి ఫహద్‌కు చెప్పాలా, అతనికే తోస్తుందని ఊరుకోవాలా...

రాత్రి పదకొండుం పావు.
షేక్ మదార్ వలీ